మిల్లు గదిలో నాలుగు వాటాలు

ఒక ఇల్లు, నాలుగు వాటాలు. కొత్త కాపురంలో అలాంటి ఇళ్ళల్లో ఉన్నవాళ్ళం మనలో ఎంతమందిమి! బావి ఒకటే, మేడ మెట్లు ఒకటే, కరంటు మీటరు ఒకటే. అయినా ఎవరి వంట వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. పక్క వాటాలో పాలు పొంగి పొయ్యి ఆరితే మన పొయ్యి ఆరదు. నీళ్ళు ఎవరికెన్ని బిందెలు, మేడ మీద ఎవరి బట్టలు ఏ తీగ మీద అన్నది మాత్రం ఇంటి ఓనరమ్మ చూసుకునేది.

మా రైసు మిల్లు ఆఫీసు గదిలో ఉన్న కంప్యూటరు పెట్టె అచ్చం అలాంటి ఇల్లేనండీ. బయటికి ఒక్కటే పెట్టె. లోపల మాత్రం నాలుగు కంప్యూటర్లు వేటి కాపురం అవి చేసుకుంటూ ఉంటాయి. వాటిని వర్చువల్ మెషిన్లు అంటారు. ఆ నాలుగింటికీ జాగా, జ్ఞాపకశక్తి పంచిపెట్టి, ఒకదాని జోలికి ఒకటి పోకుండా చూసే ఓనరమ్మ పేరు హైపర్‌వైజర్.

"ఈ గోలంతా మాకెందుకు తల్లీ, వడియాల కొలత చెప్పరాదూ" అంటారేమో. చెబుతాను, ఇంకోసారి. ఈసారి మాత్రం పోయిన దసరా మర్నాడు రాత్రి నేను పడ్డ పాట్లు వినండి. మీ ఇంట్లో దుకాణం లెక్కలో, కుట్టు సెంటరు బిల్లులో, పిల్లల ఫోటోలో ఒక పెట్టెలో పెట్టుకుని ఉంటే ఇది మీకూ పనికొచ్చే సంగతే.

మాది హుజూర్‌నగర్. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే ప్రాంతం కాబట్టి రెండు పంటలా వడ్లే. మిర్యాలగూడ మిల్లుల ముందు మాది పిల్ల మిల్లు. అయినా సీజనులో తెల్లారేసరికి గేటు బయట ట్రాక్టర్లు బారు కడతాయి. ట్రాక్టరు కాటా ఎక్కుతుంది, తూకం కంప్యూటరులోకి పోతుంది, చీటీ వస్తుంది. రైతుకు డబ్బు ఆ చీటీ మీదే. ఆ కాటా ప్రోగ్రాము ఏనాటిదో. విండోస్ 7 మీద తప్ప నడవదు. రాసిచ్చినాయన ఇప్పుడు ఆ పనిలో లేడు. కొత్త కంప్యూటరు కొంటే అది ఇందులో కూర్చోనంటుంది! అందుకే దానికొక వాటా. ట్యాలీ లెక్కలకు ఒకటి, ఫైళ్ళకూ ఫోటోలకూ ఒకటి, నాలుగోది మా అమ్మాయి ప్రయోగాలు చేసుకోవడానికి. ఆమె హైదరాబాదులో ఇవే పనులు చేసే ఉద్యోగంలో ఉంది.

అసలు మాకు ఈ జాగ్రత్తలన్నీ ఎందుకు పట్టుకున్నాయంటే 2019 యాసంగి వల్ల. అప్పట్లో వేరే ఆయనెవరో చూసేవాడు. "రోజూ బ్యాకప్ అవుతోంది సార్" అనేవాడు. మే నెల ఎండల్లో ఒకనాడు పెట్టెలోని డిస్కు కాలం చేసింది. బ్యాకప్ ఏదయ్యా అంటే, అదీ ఆ డిస్కులోనే ఉంది! స్నాప్‌షాట్ అంటారట. అది ఆ నిమిషంలో మెషిన్ ఎట్లా ఉందో గుర్తుపెట్టుకునే ఏర్పాటే గానీ వేరే ప్రతి కాదు. ఇల్లు కాలితే ఇంట్లోని ఇంటి ఫోటో కూడా కాలినట్టే. పందొమ్మిది రోజుల తూకాలు పోయాయి.

రైతుల దగ్గర చీటీలున్నాయి కాబట్టి చాలావరకు సర్దుకున్నాం. ఒకావిడ మాత్రం ఒట్టి చేతులతో వచ్చింది. చీటీ వాళ్ళాయన చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో పోయిందట. ముద్దయిపోయిన ఆ కాగితం ఉండను కొంగుకు కట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముప్పై రెండు క్వింటాళ్ళమ్మా, నీ మీద ఒట్టు" అంది. హమాలీ మేస్త్రి ఇరవై తొమ్మిది అన్నట్టు గుర్తన్నాడు. మా మామగారు ముప్పై రెండుకే డబ్బు ఇప్పించారు. ఇప్పించారు గానీ, ఆవిడ ఆ తర్వాత మా మిల్లుకు వడ్లు తేలేదు. అడిగిన పద్ధతికే నొచ్చుకుందేమో. నాకు ఆ కాగితం ఉండ ఇప్పటికీ కళ్ళలో ఉంది.

ఆ దెబ్బతో పెట్టె బాధ్యత మా అమ్మాయి తీసుకుంది. మొదట అడిగిందేమిటంటే, "అమ్మా, నీ బీరువాలో ఒక అర ఖాళీ చెయ్యి" అని. రెండు యూఎస్‌బీ డిస్కులు. ఒకటి వారం పాటు పెట్టెకు తగిలించి ఉంటుంది. శనివారం సాయంత్రం దాన్ని తీసి గుడ్డసంచీలో పెట్టి మా పడకగది బీరువాలో దాస్తాను, రెండోది తీసుకెళ్ళి తగిలిస్తాను. సంచీ మీద తేదీ రాస్తాను. తాళాల గుత్తితో పాటు అదీ నా ఉద్యోగమే. నెలకోసారి అమ్మాయి ఆ డిస్కులోంచి ఒక మెషిన్‌ను పక్కన వేరుగా లేపి, మా గుమాస్తాతో పాత చీటీ ఒకటి తెరిపించి చూస్తుంది. వెనక్కి తెచ్చి చూడనంతకాలం దాన్ని బ్యాకప్ అని పిలవొద్దంటుంది. ఆవకాయ జాడీ మూత తీసి చూడకుండా ఏడాదికి సరిపడా ఊరగాయ ఉందని చెప్పుకుంటామా?

ఇల్లు మారాల్సిన అవసరం 2024లో వచ్చింది. అప్పటిదాకా మా పెట్టెలో ఓనరమ్మ వీఎంవేర్ వాళ్ళది, ఉచితంగా ఇచ్చే రకం. 1998లో అమెరికాలో మొదలైన కంపెనీ అది. ఒక పెట్టెలో అనేక కంప్యూటర్లు అన్న ఆలోచన వాళ్ళకంటే చాలా పాతదే. ఐబీఎం వాళ్ళు 1972లోనే తమ పెద్ద పెద్ద మెషిన్ల కోసం అలాంటిది తెచ్చారు. వీఎంవేర్ మామూలు పెట్టెల్లోకి తెచ్చింది. 2023 నవంబరులో ఆ కంపెనీని బ్రాడ్‌కామ్ కొనేసింది. 2024 ఫిబ్రవరిలో ఉచిత రకం ఆపేశారు. (2025లో మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టారులెండి, అప్పటికి మేం మారిపోయాం.) ఆ రోజుల్లో చిన్నాచితకా వాళ్ళంతా వేరే ఇళ్ళు వెతుక్కున్నారు. మా అమ్మాయి ప్రాక్స్‌మాక్స్ అనేదాన్ని ఎంచింది. ఆస్ట్రియా దేశంలోని వియన్నా వాళ్ళది, 2008 నుంచీ ఉంది, లోపల ఏముందో అందరూ చూసుకోవచ్చు. ఆ ఏడు మార్చిలో వీఎంవేర్ నుంచి సామాను నేరుగా తెచ్చుకునే ఏర్పాటు కూడా అందులో పెట్టారు.

నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండానే ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పంపే విద్య ఒకటుందట. పొయ్యి మీద పాలు దించకుండా ఇల్లు మారడం అనుకోండి. ముందు జ్ఞాపకంలో ఉన్నదంతా అవతలికి నకలు చేస్తారు. ఈలోపు మారినవాటిని మళ్ళీ పంపుతారు, అది పంపేలోపు మారిన కొంచెం మళ్ళీ. చివరికి చిటికెడు మిగిలినప్పుడు ఒక్క క్షణం ఆపి అవతల లేపుతారు. అయితే అది ఒకే రకం ఇళ్ళ మధ్యే. వీఎంవేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కు అట్లా కుదరదు. పైగా మా కాటా మెషిన్‌కు తూకం యంత్రం నుంచి ఒక కేబులు నేరుగా పెట్టెకు తగిలించి ఉంది. కేబులు గాల్లో ఎగిరి వెళ్ళదు కదా! అందుకని జూన్‌లో, యాసంగి కొనుగోళ్ళు అయిపోయాక, ఆపే మార్చాం.

మార్చడానికి వారం ముందు నా చేత నోటుబుక్కులో రాయించింది. ఏ వాటాకు ఎంత జ్ఞాపకం, ఎంత డిస్కు, నెట్‌వర్కులో దాని నంబరేమిటి, పాత పద్ధతిలో లేస్తుందా కొత్త పద్ధతిలో లేస్తుందా, ఏ కేబులు ఏ రంధ్రంలో. "ఇవన్నీ అందులోనే కనపడతాయిగా" అన్నాను. "అది ఆగిపోయాక ఎక్కడ చూస్తావమ్మా" అంది. నిజమే.

ఇంకో మెలిక ఉంది. విండోస్‌కు కొత్త ఇంట్లో ప్లగ్గులు వేరు. బయల్దేరే ముందే పాత ఇంటి సామాన్లు తీసేసి, కొత్త ఇంటికి సరిపడే డ్రైవర్లు వేసుకోకపోతే, అక్కడికి వెళ్ళాక లేవనంటుంది, నీలం తెర చూపిస్తుంది. మా విండోస్ 7 ముసలిదానికి ఆ కొత్త డ్రైవర్లు పడవు. దానికి పాతకాలపు సాటా రకం డిస్కుగా చూపించింది అమ్మాయి. వేగం తగ్గుతుందట. తగ్గితే తగ్గింది, ముసలివాళ్ళకు మెత్తని ముద్ద పెట్టినట్టు.

అన్నీ బాగానే దిగాయి. కొత్త పెట్టెలో ఒక్కొక్కదాన్నీ నెట్‌వర్కు లేకుండా లేపి చూసుకుని, పాతది ఆర్పి, అప్పుడు కలిపింది. అమ్మాయి నిశ్చింతగా హైదరాబాదు బస్సెక్కింది. మర్నాడు పొద్దున మా గుమాస్తా అలవాటు కొద్దీ పాత పెట్టె స్విచ్ కూడా వేశాడు పాపం! పాత పెట్టె లేచింది, దాని లోపలి కాపురాలూ లేచాయి. ఒకే ఇంటి నంబరుతో రెండిళ్ళు. పోస్టుమాన్ ఏ ఇంట్లో ఉత్తరం వేస్తాడు? మూడు బిల్లులు పాత ట్యాలీలోకి పోయాయి. మధ్యాహ్నం బిల్లు నంబర్లు రెండుసార్లు వస్తున్నాయని మా ఆయన పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నెలాఖరుకు రెండు రకాల నిజాలు తయారయ్యేవి. ఆ మూడు బిల్లులూ చేత్తో ఎక్కించుకుని, పాత పెట్టె వైర్లు ఊడదీసి బీరువాలో పెట్టాను. పెట్టెను మాత్రం పారేయలేదు. ఒక సీజను మొత్తం గడిచేదాకా పాత చీర కప్పి అలాగే ఉంచాం. "అంత జాగా ఎందుకు దానికి, అమ్మేద్దాం" అని మా ఆయన రెండుసార్లన్నారు. రెండుసార్లూ నాకు వినపడలేదు.

ఆ ఏడాది డిసెంబరులోనే ధరణిని కూడా డేటాబేసు వెర్షన్ మార్చడం కోసం 12వ తేదీ సాయంత్రం నుంచి 16వ తేదీ పొద్దుటి దాకా ఆపారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడది లేదనుకోండి, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అప్పుడు అమ్మాయితో "నాలుగు రోజులా!" అన్నాను. "అమ్మా, ఇన్ని రోజులు ఆపుతామని ముందుగా చెప్పి ఆపడమే సగం జాగ్రత్త. శనాదివారాలు కలిసొచ్చేట్టు చూసుకున్నారు చూడు" అంది. అప్పటినుంచి మా పెట్టెకు ఏ పని చేసినా గేటు మీద కాగితం అంటిస్తాం, ఫలానా రోజు ఫలానా టైము నుంచి కాటా ఉండదని.

ఇక పోయిన దసరా. 2025 ఆగస్టులో ప్రాక్స్‌మాక్స్ 9వ వెర్షన్ వచ్చింది. మాది 8. అమ్మాయి వెంటనే ఎక్కించలేదు. మొదటి వాయి ఇడ్లీ ఎట్లా వచ్చిందో రెండు నెలలు ఊళ్ళోవాళ్ళను తిననిచ్చింది. 8కి 2026 ఆగస్టు దాకా గడువుందని కంపెనీ చెప్పింది కాబట్టి తొందరేమీ లేదు. అలాగని సీజను మధ్యలో చెయ్యలేం. అక్టోబరు చివర సన్నవడ్లు మొదలవుతాయి. దసరా 2వ తేదీ. 3వ తేదీ రాత్రి ముహూర్తం పెట్టింది.

తానే వచ్చి పెట్టె ముందు కూర్చుని చేద్దామనుకుంది. చంటిదానికి జ్వరమొచ్చి పండక్కే రాలేదు. "వాయిదా వేద్దామే" అన్నాను. "హైదరాబాదు నుంచే చేస్తాను, కానీ పెట్టె దగ్గర మనిషి లేకుండా చెయ్యను. నువ్వు కూర్చుంటావా" అంది. నా పని ఒట్టిగా కూర్చోవడమే కదా అని రాత్రి తొమ్మిదింటికి ఒక ఫ్లాస్కు టీ, సకినాల డబ్బా పట్టుకుని పోయి కూర్చున్నాను.

అప్పటికే ముందు పనులన్నీ చేసి ఉంచింది. 8లోనే ఆఖరి మెట్టయిన 8.4 దాకా తెచ్చింది, ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు ఎక్కకూడదట. వాళ్ళే ఇచ్చే ఒక తనిఖీ ప్రోగ్రాముంది, మార్పుకు ముందు అన్నీ చూసి ఎక్కడెక్కడ తేడాలున్నాయో ఎర్రగా, పచ్చగా చూపిస్తుంది. ఎర్రవి ఒక్కటీ మిగలనిదాకా దాన్ని మళ్ళీ మళ్ళీ నడిపింది. పది జీబీ జాగా ఖాళీ చేసింది. ఆ సాయంత్రమే నాలుగింటికీ కొత్త బ్యాకప్ తీసి, కాటా మెషిన్‌ను పక్కన లేపి చూసి, డిస్కు నా చేత ఊడదీయించి బీరువాలో పెట్టించింది. తగిలించి ఉంచితే, ఏదన్నా అయితే దానికీ అవుతుంది కదా. తర్వాత నాలుగు వాటాలనూ బుద్ధిగా నిద్రపుచ్చింది. మధ్యలో ఫోను లైను తెగినా ఇక్కడ పని ఆగకుండా ఉండేలా ఏదో కిటుకు కూడా పెట్టింది. టీమక్స్ అంటారట. సగంలో ఆగిపోయిన అప్‌గ్రేడ్ అంత దరిద్రం ఇంకోటి లేదంది.

గంటంబావు పాటు తెర మీద అక్షరాలు చీమల్లా పాకాయి. పదిన్నర దాటాక "అయిపోయిందమ్మా, ఒకసారి ఆర్పి లేపుతున్నా" అంది. ఆరింది. లేచింది. నేను సకినం నోట్లో వేసుకున్నాను.

ఫోనులో చప్పుడు లేదు. కాసేపటికి, "అమ్మా, నాకు అది దొరకట్లేదు" అంది.

నా గుండె జారిపోయింది. బయట చీకట్లో కాటా, గేటు మీద మేమంటించిన కాగితం. పొద్దున ఆరింటికల్లా కాటా ఉంటుందని రాసింది నా చేత్తోనే.

"ఏడవకమ్మా" అంది. నేనేం ఏడవలేదు. "తెర మీద ఏం గనపడుతుంది చెప్పు."

"నల్లగుంది బిడ్డా. లాగిన్ అని రాసుంది."

"అయితే అది బాగానే ఉంది. తలుపు మాత్రమే మారిందేమో, చూద్దాం."

సంగతి ఏమిటంటే, వెర్షన్ మారినప్పుడు నెట్‌వర్కు కార్డుకు పెట్టె పెట్టుకునే పేరు ఒక్కోసారి మారుతుందట. కార్డు అదే, వైరు అదే, పేరు వేరు. ఓనరమ్మ దగ్గరున్న కాగితంలో పాత పేరుంటుంది. ఆ పేరు గల తలుపు కనపడక, ఉన్న తలుపు తీయదు. ఇలాంటివి జరగొచ్చని వాళ్ళు ముందే రాసిపెట్టారట, అమ్మాయి కూడా చదివింది. మాదాంట్లో ఒక్కటే కార్డు కదా, ఏమవుతుందిలే అనుకుందట. ఆ 'ఏమవుతుందిలే' ఖరీదు గంట.

ఇంక నా అవస్థ చూడాలి. ఫోను స్పీకరులో పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద ఏమీ పడదు, కొట్టానో లేదో తెలీదు. మూడోసారికి లోపలికి పోయాను. "ఐ, పీ, ఖాళీ, ఎల్, ఐ, ఎన్, కె" అంది. కొట్టాను. "వచ్చినవాటిలో ఈ, ఎన్, పీతో మొదలయ్యేది చదువు."

"ఈ, ఎన్, పీ, ఐదు, ఎస్, సున్నా."

"ఐదా? నాలుగు కాదూ?"

"ఐదే బిడ్డా. నోటుబుక్కులో నాలుగని రాశాం కదా, నేనూ చూశాను." ఆ నోటుబుక్కు నా పక్కనే ఉంది మరి!

అటువైపు పెద్ద నిట్టూర్పు. "అంతేనమ్మా. నాలుగు తీసి ఐదు పెట్టాలి."

చెప్పడానికి అంతే. ఆ కాగితం తెరవడానికి స్లాష్‌లు కొట్టాలి, "స్లాష్ ఎక్కడుందే" అని రెండుసార్లు వెతికాను. ముందు దానికో నకలు తీయించింది, నా చేతిలో చెడితే మళ్ళీ తెచ్చుకోవడానికి. తర్వాత తెరిచి నాలుగు చెరిపి ఐదు వేశాను. భద్రం చేసి మళ్ళీ లేపాను. అయినా దొరకలేదు. "మొత్తం చదివి వినిపించు" అంది. చదివాను. కింద, బ్రిడ్జి పోర్టులు అన్న వరుసలో, పాత నాలుగు అలాగే నవ్వుతూ కూర్చుంది! రెండు చోట్ల మార్చాల్సింది నేను ఒక చోటే మార్చాను. దాన్నీ ఐదు చేసి లేపేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. "వచ్చేసిందమ్మా, వచ్చేసింది" అని అమ్మాయి అరిస్తే అక్కడ చంటిది లేచి ఏడుపు.

ఆ పేరు మళ్ళీ మారకుండా కట్టేసే పనిముట్టు కొత్త వెర్షన్‌తో పాటే ఇస్తారట. అదేదో అప్పుడే కట్టేసింది. తర్వాత ఒక్కో వాటా లేపింది. ట్యాలీ తెరిచి మా ఆయన ఆఖరి బిల్లు నంబరు నోటుబుక్కుతో సరిచూశారు. చివరికి కాటా మెషిన్. లేచింది గానీ, తూకం వస్తోందో లేదో చూడాలంటే కాటా మీద ఏదన్నా పెట్టాలి. అర్ధరాత్రి ట్రాక్టరు ఎక్కడ దొరుకుతుంది?

"నువ్వెక్కు" అన్నారు మా ఆయన.

ఏం చేస్తాను, చెప్పులు విడిచి ఎక్కాను. ఆ పెద్ద ఇనప పలక నడుమ, మంచులో, చీర కుచ్చిళ్ళు పట్టుకుని నేనొక్కదాన్నీ నిలబడ్డాను. మా కాటా పది కిలోల లెక్కన తప్ప చూపించదు. ఆఫీసు కిటికీలోంచి మా ఆయన గొంతు ఊరంతా వినపడేలా, "డెబ్బై! డెబ్బై వచ్చింది!"

చీటీ కూడా కొట్టి చూడమంది అమ్మాయి. వచ్చింది, వరస నంబరుతో సహా సరిగ్గా. రుజువుగా దాచమంటే బీరువాలో డిస్కు సంచీలోనే పెట్టాను. పది కిలోల లెక్క కాబట్టి డెబ్బై అంటే అరవై ఆరైనా కావచ్చు అని మా ఆయనకు రెండు రోజులు చెప్పి చూశాను. నవ్వుతారే తప్ప ఒప్పుకోరు.